డోర్ దిగిందని స్ట్రైకర్ జరపడమేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ బండ్ల పేజీలో పాత కార్ల మెయింటెనెన్స్ గురించి వచ్చింది చదివాను. ఇంజన్ ఆయిల్, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ అన్నీ బానే రాశారు గానీ డోర్ హింజ్‌ల గురించి ఒక్క ముక్క కూడా లేదు, అందుకే ఈ ఉత్తరం. పాత బండి ఉన్న ఎవర్నైనా అడగండి, డ్రైవర్ సైడ్ డోర్ కాస్త పైకెత్తి వేస్తే గానీ పడదు అంటారు, అదేదో బండి స్వభావం అన్నట్టు చెప్తారు, కానీ అది రిపేర్ చేయాల్సిన విషయం.

హింజ్ అంటే రెండు ముక్కలు, ఒకటి బాడీ పిల్లర్‌కి (డోర్ పక్కన నిలువుగా ఉండే స్తంభం) ఒకటి డోర్‌కి, ఆ రెంటినీ కలిపి పట్టుకునేది ఒక స్టీల్ పిన్ను. చాలా బండ్లలో పిన్ను చుట్టూ గొట్టం లాంటి సన్నటి బుష్ ఉంటుంది, ఇత్తడిదో అలాంటి మెత్తటి లోహానిదో, కావాలనే అలా పెడతారు, అరిగితే అదే అరగాలి గానీ హింజ్ అరక్కూడదని. గ్రీజు ఎండిపోయి దుమ్ము చేరాక ఆ బుష్ పొడిపొడిగా రాలిపోతుంది, తర్వాత ఇనుము మీద ఇనుము రాసుకుని పిన్ను నడుం సన్నబడుతుంది, ఇంకా వదిలేస్తే హింజ్ బొక్కే కోలగా అయిపోతుంది. డోర్ బరువు పై హింజ్‌ని బయటికి లాగుతుంది కింది హింజ్‌ని లోపలికి నొక్కుతుంది, కాబట్టి హింజ్ దగ్గర అర మిల్లీమీటర్ ప్లే (వదులు) ఉన్నా లాక్ ఉండే చివరకి వచ్చేసరికి అది రెండు మూడింతలై కనబడుతుంది. దిగేటప్పుడు డోర్ మీద బరువంతా వేసి లేచేవాళ్లుంటే ఇంకా తొందరగా పోతుంది (మోకాళ్ల నొప్పులున్న వాళ్లని ఏమనగలం లెండి). రెండు డోర్ల బండికైతే డోరే పొడుగు, సమస్య ఇంకా ఎక్కువ.

ఇప్పుడు అసలు నా కంప్లైంట్. డోర్ దిగింది, అంటే లాక్ వైపు కిందికి వాలింది అనగానే చాలాచోట్ల పిల్లర్ మీదున్న స్ట్రైకర్ (డోర్ లాక్ వచ్చి పట్టుకునే కొక్కెం) స్క్రూలు లూజ్ చేసి దాన్ని కాస్త కిందికి జరిపి బిగించి పంపేస్తారు, నా బండికీ ఒకచోట ఇదే చేశారు. డోర్ టక్కున పడుతుంది, మనకీ హాయిగానే ఉంటుంది. కానీ పిన్ను అరుగుతూనే ఉంటుంది, కొన్నాళ్లకి మళ్లీ దిగుతుంది, మళ్లీ జరుపుతారు, ఈలోగా రబ్బర్ బీడింగ్ ఒకవైపు నలిగిపోయి వాన నీళ్లు లోపలికొస్తాయి, స్పీడ్‌లో గాలి కూత పెడుతుంది. ఇంకొందరు ఇంకా ఘనులు, డోర్‌ని పైకెత్తి హింజ్‌నే వంచేస్తారు.

ఇది సౌకర్యం సంగతి మాత్రమే కాదండీ. డోర్ సరిగ్గా కూర్చోకపోతే లాక్ సగమే పడి ఆగిపోయే ఛాన్స్ ఉంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 11వ నంబర్ డోర్ లాకులు, హింజ్‌ల గురించే, దాని ప్రకారం పూర్తిగా పడ్డ లాక్ ఒక దిశలో 11,000 న్యూటన్లు (న్యూటన్ అంటే బలాన్ని కొలిచే యూనిట్), ఇంకో దిశలో 9,000 న్యూటన్ల లాగుడు తట్టుకోవాలి, సగం పడ్డ లాక్ తట్టుకోవాల్సింది 4,500 మాత్రమే. 2004లో పలు దేశాలు కూర్చుని మొట్టమొదటి గ్లోబల్ టెక్నికల్ రెగ్యులేషన్ (బండ్లకి దేశాలు ఉమ్మడిగా పెట్టుకునే సాంకేతిక నిబంధన) రాసుకున్నది కూడా ఈ డోర్ లాకులు, హింజ్‌ల మీదే, దీన్నిబట్టి ఎంత ముఖ్యమో చూడండి.

చెక్ చేసుకోవడం ఎవరైనా చేయొచ్చు. డోర్ సగం తెరిచి లాక్ వైపు అంచు కింద చెయ్యిపెట్టి పైకీ కిందికీ ఊపాలి, ఇంకొకళ్లు హింజ్ దగ్గర కన్నేసి ఉండాలి. పిన్ను బొక్కలో కదులుతుంటే పిన్నూ బుష్షూ మార్చాలి, హింజ్ ప్లేటే జరుగుతుంటే బోల్టులు లూజు, అలా కాక పిల్లర్ రేకు కూడా ఊగుతోందంటే తుప్పు పట్టిందో పగిలిందో అన్నమాట, అప్పుడు పిన్ను మార్చినా దండగే, వెల్డింగ్ చూసుకోవాలి.

మార్చేటప్పుడు డోర్ కింద జాకీ పెట్టి, మధ్యలో చెక్కముక్కా గుడ్డా వేసి, బరువు దాని మీద ఆనేలా చూసుకుని ఒక హింజ్ అయ్యాకే రెండోది ముట్టుకోవాలి, రెండూ ఒకేసారి ఊడదీస్తే డోర్‌లోకి వెళ్లే వైర్లు తెగుతాయి, మళ్లీ సెట్ చేయడం నరకం. కొన్ని పాత మోడళ్లలో డోర్‌ని తెరిచి నిలబెట్టే గట్టి స్ప్రింగ్ హింజ్‌లోనే ఉంటుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో పీకితే ఎగిరి మొహం మీదికొస్తుంది, స్ప్రింగ్ నొక్కే టూల్ వాడాలి, కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. పిన్ను కింద క్లిప్ ఉంటే ముందు అది తీసి, తుప్పు వదిలే ఆయిల్ కొట్టి కాసేపు నాననిచ్చి పంచ్ (పిన్నుల్ని బయటికి కొట్టే ఇనప కడ్డీ) పెట్టి కొట్టాలి, కదలకపోతే రెండు హింజ్ ముక్కల సందులోంచి రంపం బ్లేడుతో కోసేయడమే. పాత బుష్ ముక్కలు బొక్కలో మిగలకూడదు. కొత్త బుష్‌ని సుత్తితో బాదితే అంచు పగులుతుంది, బోల్టూ నట్టూ వాషర్లూ పెట్టి మెల్లగా బిగిస్తే తనే లోపలికి కూర్చుంటుంది. బొక్క కోలగా అయిపోయి ఉంటే మామూలు బుష్ నిలవదు, బొక్క సాపు చేయించి ఓవర్ సైజ్ బుష్ వేయాలి, లేదా హింజే మార్చాలి. అంతా అయ్యాక డోర్‌ని ధడేల్మని వేయకుండా నెమ్మదిగా దగ్గరికి తెచ్చి చూడాలి, ఎందుకంటే ఇదివరకు కిందికి జరిపిన స్ట్రైకర్ ఇప్పుడు తప్పు చోట ఉంటుంది, దాన్ని మళ్లీ పైకి తేవాలి.

పిన్నూ బుష్షూ విడిగా దొరికే మోడళ్లు కొన్నే, మిగతా వాటికి హింజ్ మొత్తం కొనమంటారు, వెల్డింగ్ హింజ్ అయితే కోసి మళ్లీ వెల్డింగ్ చేసి పెయింట్ కూడా వేయాలి, చిన్న పిన్ను కోసం ఇంత తతంగం. కంపెనీలు చిన్న కిట్‌లా విడిగా అమ్మితే ఏం పోయిందో నాకర్థం కాదు. మీ పేజీలో ఈసారి దీని గురించి రాయండి, ఏ మోడల్‌కి పిన్ను పైనుంచి కొట్టాలో ఏ మోడల్‌కి కింది నుంచి కొట్టాలో బొమ్మలతో సహా వేస్తే, రెండో వైపు నుంచి బాది పిన్ను తల చదును చేసుకోవడమన్నా తప్పుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక పాత కారు ఓనర్