తొమ్మిదో నెల టీకా మరవొద్దు

సంపాదకుడికి,

చలి ముదిరిందంటే పిల్లలకు నిమ్ము భయం మొదలవుతుంది. డొక్కలెగరేస్తూ, పాలు తాగలేక అల్లాడే పసిబిడ్డను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నిమ్ము తెచ్చే న్యుమోకోకస్ బ్యాక్టీరియా నుంచి కాపాడే, ప్రైవేటులో వేలల్లో ఖర్చయ్యే పీసీవీ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేస్తున్నారు. ఆరు, పద్నాలుగు వారాలకు ఒక్కో డోసు, తొమ్మిది నెలలు నిండాక బూస్టర్.

చిక్కంతా ఈ మూడోదానితోనే. మొదటి రెండూ పుట్టింట్లో ఉండగా పడిపోతాయి. బూస్టర్ నాటికి తల్లి అత్తారింటికి వచ్చేస్తుంది, టీకా కార్డు అక్కడే బీరువాలో ఉండిపోతుంది. ఊరు మారిన బిడ్డ పేరు కొత్త ఊరి ఏఎన్ఎం జాబితాలో వెంటనే చేరేలా వైద్యాధికారులు చూడాలి. కార్డు లేదని ఏ తల్లినీ వెనక్కి పంపకూడదు. నెల దాటిపోయిందని తల్లులూ ఊరుకోవద్దు, వెళ్లి అడగండి.

– ఒక అంగన్‌వాడీ టీచర్, పాడేరు