మనవరాలు పండు ఫొటోలో కనిపించిన ట్యూబు

చీరాల,
ఆదివారం రాత్రి.

చి.సౌ. అమ్ములుకి,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. డాబా మెట్లెక్కమంటే నొప్పి, గుడి మెట్లెక్కమంటే నొప్పి లేదు.

విశేషాలు పెద్దగా ఏం లేవు. మన సన్నజాజి తీగ పక్కింటి డాబా ఎక్కింది. వాళ్లవైపు పూసినవి వాళ్లవేనట. అటక మీద పిల్లి మళ్లీ మూడు పిల్లల్ని పెట్టింది. రమణక్క వాళ్ల మరిది ఆ ఇల్లు చివరికి అమ్మేశాడు, అనుకున్న ధర రాలేదని మొహం వేలాడేసుకుని తిరుగుతున్నాడు.

నువ్వు వీడియో కాల్ చేసి తొమ్మిది రోజులైంది. నేనేం లెక్కపెట్టలేదు. మీ అమ్మ క్యాలెండర్ మీద చుక్కలు పెడుతోంది, అవి కంటబడ్డాయి. మామూలు ఫోను చేస్తున్నావు, కాదనను. "బాగానే ఉన్నాం నాన్నా, పండు పడుకుంది, ఉంటా" అంటున్నావు. నువ్వు ఎప్పుడు చేసినా పండు పడుకునే ఉంటోంది. ఏడు నెలల పిల్ల అంత బాగా నిద్రపోతే మాకు సంతోషమే. కానీ మొన్న చెల్లెమ్మగారు, అదే మీ అత్తగారు, మీ అమ్మతో మాటల్లో "రాత్రిళ్లు ఎవరికీ కునుకు లేదండీ, డైపర్ విప్పితే చాలు కెవ్వుమంటోంది" అనేశారు. అని, వెంటనే చెన్నైలో వంకాయల రేటు ఎత్తుకున్నారు. ఆవిడ అంత గట్టిగా వంకాయల గురించి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఇక ఆ ఫొటో. గురువారం గ్రూపులో పెట్టావే, పండు ఉగ్గుగిన్నె నెత్తిన బోర్లించుకున్నది. అందరూ పిల్లని చూసి మురిసిపోయారు. నేనూ మురిశాను. మురిశాక వెనక కిటికీ గట్టు మీద ఉన్న ట్యూబు చూశాను. వేళ్లతో లాగి పెద్దది చేశాను. పేరు మసకగా ఉంది గానీ పక్కన నిలువుగా ఎర్రగీత మాత్రం బాగానే కనబడింది. ముప్పై ఒక్క ఏళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కిటికీలోంచి మందులు పంచినవాణ్ణి. ఆ గీత ఉందంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందని అర్థం. చీటీ ఉందా? ఉంటే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పక్కన పెట్టు, నేను నోరు మూసుకుంటాను.

లేదనే నా అనుమానం. మీ వీధి చివరి మెడికల్ షాపులో అల్లుడుగారు "పిల్లకి రాషెస్" అనగానే ఆ కుర్రాడు అలాంటి ట్యూబు ఒకటి తీసి ఇచ్చి ఉంటాడు. ఆయన తప్పు కాదు. రాత్రి పదింటికి ఏడుస్తున్న పిల్లని చూసి పరిగెత్తిన తండ్రి ఏదిస్తే అది తెస్తాడు.

అదలా ఉంచు. సూరిబాబు రేపు పొద్దున పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వస్తున్నాడు, పని మీద. అతని చేతికి ఈ ఉత్తరం, ఒక సంచీ ఇస్తున్నాం. సంచీలో కందిపొడి, మాగాయ, మీ అమ్మ పాత నూలుచీరలు చింపి కుట్టిన గుడ్డలు పన్నెండు. నీలం అంచు చీర నీకు గుర్తుందా, నీ పురుటికి అదే కట్టుకుని ఆస్పత్రికొచ్చింది. చింపేటప్పుడు ఒక్క మాట అనలేదు. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో. ఫోన్లో నువ్వు "సరే నాన్నా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో కట్ చెయ్యలేవు.

మీ అన్నయ్య సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మ కూడా చెప్పదు, నా పరువు కాపాడుతోంది. 1989 వానాకాలం, వాడికి ఎనిమిదో నెల. అప్పుడు మాకు డైపర్లెక్కడివి, లంగోటాలే. ముసురు పట్టి గుడ్డలు ఆరేవి కావు. కుంపటి మీద బుట్ట బోర్లించి దాని మీద ఆరేసేవాళ్లం. ఇల్లంతా ఉచ్చవాసన, పొగవాసన. ఈలోగా మీ పెద్దత్త కూతురి పెళ్లి వచ్చింది. రైల్లో బట్టలు పాడవుతాయని గుడ్డ మీద ప్లాస్టిక్ చెడ్డీ తొడిగాం. పోనూ రానూ రెండు రోజులు. ఇంటికొచ్చి విప్పితే పిర్రలు మందారాల్లా ఉన్నాయి.

బామ్మ కొబ్బరినూనె రాసి, గుడ్డ కట్టకుండా చాప మీద వదిలెయ్యమంది. నాకు నవ్వొచ్చింది. నేను కదా మందులు చదువుకున్నవాణ్ణి. మా దగ్గర అన్నిటికీ పనికొస్తుందనే ఆయింట్‌మెంట్ ఒకటుండేది. దురదకీ, తామరకీ, చీముకీ, అన్నీ కలిపి ఒకే ట్యూబులో. అందులో స్టెరాయిడ్, అంటే ఎరుపునీ వాపునీ అణిచేసే మందు, ఉందని నాకు తెలుసు. తెలిసే రాశాను. రెండో రోజుకి ఎరుపు పోయింది! బామ్మ ముందు మీసం మెలేశాను. మానేసిన మూడో రోజుకి మళ్లీ వచ్చింది, ఈసారి తొడల సందుల్లోకి పాకింది. మళ్లీ రాశాను, మళ్లీ తగ్గింది. మళ్లీ వచ్చింది. అలా ఐదు వారాలు, అమ్ములూ. చివరికి ఆ చర్మం ఉల్లిపొరలా అయిపోయి, గుడ్డ తగిలితే చాలు నెత్తురు చెమర్చేది. బామ్మ మాత్రం ఒక్కసారి కూడా "నేను చెప్పలేదూ" అనలేదు. అంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

గుంటూరు తీసుకెళ్లాం. ముసలి పిల్లల డాక్టరు. ముందు పిర్రలు చూడలేదాయన, చెంచాతో నోరు తెరిచి చూశాడు. నాలుక మీదా బుగ్గల లోపలా పెరుగు విరిగినట్టు తెల్లమచ్చలు. తుడిచినా పోవు. అప్పుడు కింద చూసి, "ఈ మందెవరిచ్చారు?" అన్నాడు. "నేనేనండీ" అన్నాను. "ఏం చేస్తుంటారు?" "ఫార్మసిస్టునండీ." కళ్లజోడు పైనుంచి ఒక్క క్షణం చూసి, చీటీ రాయడంలో పడిపోయాడు. తిట్టినా బాగుండేది. నోటికి జెన్షన్ వయొలెట్, కింద ఫంగస్ మందు ఇచ్చాడు. ఊదారంగు నోరేసుకుని ఇంటికొస్తే బామ్మ గుమ్మంలోనే "నా మనవడికి నేరేడుపళ్లు ఎవడు పెట్టాడ్రా" అని నవ్వింది. ఆ ఐదు వారాల్లో ఆ ఇంట్లో మొదటి నవ్వు అదే. (ఆ ఊదా మందు నువ్వు వెతక్కు. ఇప్పుడు మంచివి ఉన్నాయి.)

ఆయన ఆరోజు చెప్పింది నీకు చెప్పాలనే ఇంత చేంతాడు విప్పాను. తడీ ఒరుపూ వల్ల వచ్చే మామూలు ఎరుపు డైపర్ నొక్కుకునే ఎత్తుల మీద ఉంటుంది, పిర్రల మీదా, పొట్ట కిందా. మడతల లోపల చర్మం బాగానే ఉంటుంది. అదే మడతల్లోకి దిగి, ఎర్రగా మెరుస్తూ, అంచు దాటి చుట్టూ ఆవాలు చల్లినట్టు చిన్న చిన్న చుక్కలుంటే అది చాలావరకు క్యాండిడా అనే ఫంగస్. దానికి స్టెరాయిడ్ రాస్తే ఎరుపు అణిగిపోతుంది, ఫంగస్ మటుకు హాయిగా పెరుగుతుంది. పైగా డైపర్ మూతలా పనిచేసి మందుని ఒంట్లోకి మరీ ఎక్కువ పంపిస్తుంది. 2018లో ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, చీటీ లేనిదే అమ్మొద్దని. షాపులవాళ్లు వింటున్నారా అంటే, నీ కిటికీ గట్టే సాక్ష్యం.

ట్యూబు తిప్పి సన్న అక్షరాలు చదువు. క్లోట్రిమజోల్ ఒక్కటే ఉంటే అది ఫంగస్ మందు, భయం లేదు. క్లోబెటసాల్ అని ఉంటే అది స్టెరాయిడ్, అందులోనూ మహా గట్టిది. రెండూ "క్లో"తోనే మొదలవుతాయి, హడావిడిలో కవలల్లా కనబడతాయి. బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అన్నా అదే జాతి. ఫంగస్ మందూ స్టెరాయిడూ కలిపిన ట్యూబులే ఎక్కువ అమ్ముతారు. స్టెరాయిడ్ ఉందంటే రేపే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లు, ట్యూబు వెంట తీసుకెళ్లు, ఎన్నాళ్లుగా రాస్తున్నావో దాచకుండా చెప్పు. అవమానమేం లేదు. నేను ఫార్మసిస్టునై ఉండి చెప్పుకున్నాను కదా.

ఇంకోటి. పండుకి పోయిన నెల జలుబు ముదిరితే ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడామన్నావు, ఆ తర్వాత విరేచనాలయ్యాయన్నావు. అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియాని కూడా ఊడ్చేస్తుంది, ఖాళీ అయిన చోట ఫంగస్ కాపురం పెడుతుంది. దానికి తోడు విరేచనాలు, కొత్తగా మొదలెట్టిన ఉగ్గు, మీ చెన్నై ఉక్క. డాక్టరుకి ఈ మాట కూడా చెప్పు. నోట్లో చూడమని నువ్వే అడుగు.

ఉపన్యాసం ఇవ్వకూడదని మీ అమ్మతో ఒట్టేసి కూర్చున్నాను. ఇంకాస్తే. ఆ వాసనొచ్చే తడి టిష్యూలు ఆపెయ్యి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, నూలుగుడ్డతో అద్దు, రుద్దకు. పూర్తిగా ఆరాకే జింక్ ఆక్సైడ్ తెల్లక్రీము, గోడకి సున్నం కొట్టినట్టు మందంగా. డాక్టరు ఫంగస్ మందిస్తే అది ముందు పల్చగా, దాని మీద ఈ జింక్. మార్చిన ప్రతిసారీ ఆ తెలుపంతా గీకెయ్యకు, పైన అంటిన మురికి తీసి మళ్లీ పూయి. రెండు మూడు గంటలకోసారి మార్చాలి, దొడ్డికెళ్తే వెంటనే. రాత్రి కూడా. నడుం దగ్గర రెండు వేళ్లు దూరకపోతే ఒక సైజు పెంచు, పిల్ల పెరుగుతోందే! పౌడర్ డబ్బా అటక మీద పారెయ్యి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సున్నిపిండి, పసుపు ఆ చోట వద్దు. కొబ్బరినూనె మీద మీ అమ్మకీ నాకూ వాదన నడుస్తూనే ఉంది. మామూలు చర్మానికి మంచిదే, ఫంగస్‌కి దాన్ని నమ్ముకోవద్దంటాను నేను. ఆవిడ సీసా సంచీలో పెట్టేసింది, నేను చూడనట్టు ఊరుకున్నాను.

గుడ్డలు రెండుసార్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేశాం. నువ్వు ఉతికేటప్పుడు ఆ మెత్తదనం కోసం పోసే నీలం ద్రవం పొయ్యకు. పగలు రోజుకి మూడు నాలుగుసార్లు, పావుగంటసేపు గుడ్డ పరిచి దాని మీద పండుని వదిలెయ్యి, ఏమీ తొడగకుండా. దుప్పటి తడిపితే తడిపింది. బామ్మ చెప్పిన చాప వైద్యం అదే. ఇంత చేసినా మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోయినా, పొక్కులు లేచినా, చీము, జ్వరం ఏదున్నా సోమవారం దాకా, మంగళవారం దాకా అని ఆగొద్దు.

నువ్వు దాచావని నాకు కోపం లేదు. మీ అమ్మకి కొంచెం ఉంది. దూరాన ఉన్నవాళ్లకి చెప్తే కంగారు పడతారని అనుకుని ఉంటావు. చెప్పకపోతే ఏం చేస్తామో ఈ ఉత్తరం చూస్తే తెలుస్తోంది కదా, ఫొటోల్లో కిటికీ గట్లు వెతుక్కుంటాం. నువ్వు తింటున్నావా? రాత్రి ఒకసారి నువ్వు, ఒకసారి అల్లుడుగారు లేవండి. చెల్లెమ్మగార్ని మా మీద అలగొద్దని చెప్పు. వంకాయల సంగతి మేమేం అనుకోలేదు.

సూరిబాబు మూడింటికల్లా మీ ఇంటికొస్తాడు. అన్నం పెట్టకుండా పంపకు, అతనికి పులుసు ఇష్టం. అతను వెళ్లాక వీడియో కాల్ చెయ్యి. పండుని కిటికీ వెలుతురులో బోర్లా పడుకోబెట్టి చూపించు. మీ అమ్మ మొదలెడితే ఫోను నేను లాక్కుంటాను.

ఇట్లు,
మీ నాన్న.

తా.క. ఆ ట్యూబు మీద ఎక్స్‌పైరీ తేదీ కూడా చూడు. మాగాయ జాడీలో తడి గరిటె పెట్టకు.