డ్యామ్ మాలిలో, యాజమాన్యం ముగ్గురిది

సంపాదకుడు గారికి,

దేశాలు దాటే నది గురించి వార్త వచ్చిందంటే అది దాదాపుగా తగాదా వార్తే. నైలు సంగతే తీసుకోండి. 1959లో ఈజిప్టు, సూడాన్ కూర్చుని నదిని పంచేసుకున్నాయి. ఈజిప్టుకు 5,550 కోట్ల ఘనపు మీటర్లు, సూడాన్‌కు 1,850 కోట్లు. ఆ నీళ్లలో సింహభాగం పారి వచ్చేది ఇథియోపియా నుంచి. దానికి ఒక్క చుక్క కూడా రాయలేదు. ఆ ఇథియోపియా 2011లో డ్యామ్ మొదలుపెట్టి 2025లో ప్రారంభించింది. కరవు ఏడాదిలో కిందికి ఎన్ని నీళ్లు వదలాలన్నది అప్పటికీ తేలలేదు.

పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ నది కథ వేరు. ఆ కథ మన దాకా రాదు. 1972లో మాలి, మౌరిటానియా, సెనెగల్ కలిసి ఒక సంస్థ పెట్టుకున్నాయి. గినీ 2006లో చేరింది. ఆ సంస్థ కట్టిన మనంతాలి డ్యామ్ ఉన్నది మాలి నేల మీద, యాజమాన్యం మాత్రం మొదటి మూడు దేశాలదీ. కరెంటులో మాలికి 52 శాతం, సెనెగల్‌కు 33, మౌరిటానియాకు 15. డ్యామ్ కోసం తెచ్చిన అప్పుకు హామీ కూడా ఉమ్మడిగానే ఇచ్చారు. 1989లో సెనెగల్, మౌరిటానియా గొడవపడి రాయబార సంబంధాలు తెంచుకున్నాయి. అయినా నది సంస్థ మూతపడలేదు. అప్పు ఉమ్మడిదైతే అలగడానికీ లెక్క చూసుకోవాలి మరి!

అలాగని అక్కడ అంతా సవ్యంగా జరిగిందని కాదు. సముద్రం ఉప్పునీరు ఎగదన్నకుండా 1986లో నది చివర డియామా ఆనకట్ట కట్టారు. ఉప్పు పోయేసరికి మంచినీటి నత్తలు విపరీతంగా పెరిగాయి. వాటిని తినే రొయ్యలేమో ఆనకట్ట అడ్డమై పైకి రాలేకపోయాయి. ఆ నత్తల వల్ల వ్యాపించే బిల్హార్జియా అనే పురుగు జబ్బు రెండేళ్లలోనే సెనెగల్‌లోని రిచర్డ్ టోల్ పట్టణం చుట్టుపక్కల విరుచుకుపడింది. కాలువలో దిగి బట్టలుతికినా, పిల్లలు ఈత కొట్టినా చాలు, పురుగు చర్మంలోంచి లోపలికి పోతుంది. కరెంటు వాటాలు శాతాలతో సహా తేలాయి. జబ్బు మాత్రం ఒడ్డున ఉన్నవాళ్ల వాటాకే వచ్చింది.

పేద దేశాల్లో ఇలాంటి డ్యామ్‌లకు చాలాసార్లు అంతర్జాతీయ బ్యాంకులే అప్పులిస్తుంటాయి. షరతు పెట్టగలిగేది కూడా అవే. అప్పు కాగితం మీద దిగువ దేశం సంతకం కూడా ఉండాలి. ఒడ్డు ఊళ్ల వైద్యం ఖర్చును సిమెంటు, ఇనుముతో పాటు ప్రాజెక్టు అంచనాలోనే రాయాలి.

– ఒక పాఠకుడు