అత్తయ్యగారి కార్డు, నీ పాలసీ

అమలాపురం

బావా,

ఆస్పత్రి ఖర్చులకి అత్తయ్యగారికి ఏం చెయ్యాలి, నువ్వు తీసుకున్న కొత్త పాలసీ సరైనదేనా అని నువ్వు ఫోన్లో అడిగినదానికి "ఆలోచించి చెబుతా" అని పెట్టేశాను గానీ, ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. కాగితం మీద ఉంటే నువ్వూ చెల్లాయీ తీరిగ్గా చదువుకుంటారు, పిల్లలకీ పంపుకుంటారు. అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ముందు అత్తయ్యగారి సంగతి. ఆవిడ పేరున ప్రైవేటు పాలసీ తీసుకోమని ఏజెంటు వెంటపడుతున్నాడన్నావు. తీసుకోవద్దని నేననను. కానీ అంతకంటే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది, అది చెయ్యకుండా పాలసీ జోలికి వెళ్ళకు. డెబ్భై నిండిన వాళ్ళందరికీ ఆయుష్మాన్ భారత్ ఇస్తామని కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది కదా, ఆ వయ వందన కార్డు. ఆదాయం అడగరు. ఎన్ని ఎకరాలున్నాయని అడగరు. కొడుకు హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాడా అని అడగరు. ఆధార్ ప్రకారం 70 నిండాలి, అంతే. ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యం ఉచితం. పాత జబ్బులకి ఇన్నేళ్ళు ఆగాలన్న గడువు లేదు. కార్డు వచ్చిన రోజు నుంచే అత్తయ్యగారి సుగరూ, గుండె జబ్బూ అందులో ఉన్నట్టే. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి ఇంత మంచి షరతు డబ్బు కట్టి కొందామన్నా దొరకడం కష్టం.

"అది లేనివాళ్ళ కార్డు, మనకెందుకులే" అని ఆవిడ అంటారని నాకు తెలుసు. మా ఇళ్ళల్లోనూ అదే మాట. ఆవిడకి ఓపిగ్గా చెప్పు. ఇది వయసుకి ఇచ్చినది, లేమికి ఇచ్చినది కాదు. ఇంటిల్లిపాదికీ ఆయుష్మాన్ కార్డు ముందే ఉన్నా కూడా పెద్దవాళ్ళకి ఈ 5 లక్షలు విడిగా వస్తాయి, ఇంట్లో చిన్నవాళ్ళు అందులోంచి వాడుకోవడానికి లేదు. ఇంట్లో డెబ్భై దాటినవాళ్ళు ఇద్దరుంటే మాత్రం ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్ళు దాన్ని వదులుకోనక్కర్లేదు, రెండూ ఉండొచ్చు. మీ మిలిటరీ బాబాయిగారికి మాత్రం చెప్పు, మాజీ సైనికుల పథకంలో ఉన్నవాళ్ళు అదో ఇదో ఒకటే ఎంచుకోవాలి. ఆయనకి దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఏది చెల్లుతుందో చూసుకుని మరీ తేల్చుకోమను.

కార్డు తీసుకునేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. మా వీధిలో జీవితమంతా కొబ్బరికాయలు ఒలిచి బతికిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన్ని తీసుకెళ్ళి కూర్చోబెడితే మిషను మీద వేలిముద్ర పడలేదు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ. వేళ్ళు అరిగి గాజులా నున్నగా అయిపోయాయి, గీత అన్నదే లేదు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని "పోన్లెండి బాబూ, మనకి రాసిపెట్టి లేదు" అని లేచిపోయాడు. వెనక్కి పిలిచి, ఫోనులో ముఖం చూపించి ఆధార్ సరిచూసే పద్ధతి ఉంది కదా, అది పెట్టించాను. కెమెరా ముందు రెప్పలు ఆర్పమంటే ఆర్పాడు, అయిపోయింది. ఆధార్‌కి ఫోన్ నంబరు కలిపి ఉంటే ఓటీపీతో ఇంకా సులువు.

ఆ "పోన్లెండి" దగ్గరే నా బాధంతా, బావా. మన కోనసీమ పెద్దవాళ్ళు పొలంగట్టు తగాదా వస్తే జానెడు వదలరు. కోర్టు మెట్లెక్కి పాతికేళ్ళు తిరిగినవాళ్ళున్నారు. అదే ఆస్పత్రి బల్ల ముందో, ఇన్సూరెన్సు కంపెనీ ఉత్తరం ముందో నోరు మెదపరు. ఎదుటివాడు ఇంగ్లీషులో ఒక కాగితం ఇస్తే అదే చివరి మాటనుకుంటారు. తమకి రావాల్సిన డబ్బును ఎవరో దయతలిచి ఇచ్చేదానిలా చూస్తారు. పాలసీ ఏదైనా, పథకం ఏదైనా, పెద్దవాళ్ళ పక్కన చదివి, అడిగి, రాసి పెట్టే మనిషి ఒకడు నిలబడకపోతే అది చేతికి రాదు. అత్తయ్యగారికి ఆ మనిషి నువ్వే అవ్వాలి. నువ్వు లేనప్పుడు నేనున్నాను.

ఆవిడ మలికిపురంలోనే ఉంటానంటున్నారు కాబట్టి ఇంకొకటి. రాత్రిపూట ఏదైనా వస్తే సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దొరకదు. దిండి–చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపో, లేదంటే ఇటు అమలాపురమో రావాలి. ఈ రెండు దారుల్లో కార్డు చెల్లే ఆస్పత్రులు ఏవి, వాటిలో గుండెకి ఏది, ఎముకలకి ఏది అని ముందే కనుక్కుని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించు. ఆస్పత్రి జాబితాలో ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలూ ఉండవు. ఈ కార్డు సంగతి 14555కి ఫోన్ చేసి అడగొచ్చు. రాష్ట్రం ఇచ్చే ఎన్టీఆర్ వైద్య సేవ, జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీయే అనుకో, దానికైతే 104. చేరిన ఆస్పత్రిలో కార్డు కింద చేస్తూనే "ఇది వేరు, ఇది కట్టండి" అన్నారనుకో, కట్టేముందు అదే నంబర్లకి ఫోన్ చెయ్యి, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకు. ఓపీకి వెళ్ళి రాయించుకునే రోజువారీ మందులు మాత్రం ఆయుష్మాన్‌లో రావు. బీపీ, సుగరు మాత్రలకి పీహెచ్‌సీయో జన ఔషధి దుకాణమో చూసుకోవాలి.

ఇక నీ పాలసీ. నీకు అరవై మూడు, చెల్లాయికి యాభై తొమ్మిది. కార్డు వయసు రావడానికి ఇంకా చాలా ఏళ్ళుంది, కాబట్టి మీకు పాలసీ ఉండాల్సిందే. నాకంటే పెన్షనర్ల హెల్త్ కార్డు ఉంది, నీది ప్రైవేటు ఉద్యోగమాయె. ఇదివరకు అరవై ఐదు దాటితే కొత్త పాలసీ దొరకడం కష్టంగా ఉండేది. 2024 ఏప్రిల్ నుంచి, ఇన్సూరెన్సు కంపెనీలని అదుపుచేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ వయసు గీత తీసేసింది. పాత జబ్బుల గడువు కూడా నాలుగేళ్ళ నుంచి ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళకి తగ్గించింది. అయినా మనిషి ఆరోగ్యం చూసి "ఇవ్వం" అనే హక్కు కంపెనీకి ఇప్పటికీ ఉంది. అందుకే ఆరోగ్యం బాగున్నప్పుడే తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా పోయింది, అదొక ఊరట. సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐతో మాట్లాడాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. రెన్యువల్ నోటీసులో అంకె చూసి గుండె గుభేల్‌మంటే, ముందు అది ఎంత శాతమో లెక్క కట్టు.

ప్రీమియం తక్కువని మురిసిపోకు. రూము అద్దె పరిమితి ఎంతో చూడు. మా తోటి మేష్టారికి మోకాలి ఆపరేషను అయినప్పుడు ఆ బిల్లు నేనే కూర్చుని చూశాను. 3 లక్షల పాలసీ, రూము అద్దె అందులో ఒక శాతం, అంటే రోజుకి 3,000. పిల్లలు నాన్న సుఖంగా ఉండాలని 6,000 రూము తీసుకున్నారు. రోజుకి ఆ మూడు వేల తేడా మనం కట్టుకుంటే సరిపోతుందనుకున్నారు. అలా కాదు, డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీ, నర్సింగు, అన్నీ సగానికి సగం కోసేశారు. రూము రెట్టింపు తీసుకున్నారు కాబట్టి మిగతావీ ఆ లెక్కనే అన్నమాట. అయితే ఆ కోత మందులకీ, పరీక్షలకీ, లోపల పెట్టే కీలుకీ వర్తించకూడదు. వాళ్ళు కీలు మీద కూడా కోశారు. అది పట్టుకుని రాస్తే ఆ మేరకు తిరిగొచ్చింది. నీ పాలసీలో రూము పరిమితి లేకపోతే మేలు. కో-పే ఎంతో చూడు. 20 శాతం ఉంటే ప్రతి లక్షకీ 20,000 నీ జేబులోంచే. కంటి శుక్లం ఆపరేషనుకి విడిగా పరిమితి ఉంటుంది, అదీ చూడు.

పెద్ద మొత్తానికి పాలసీ భారమనిపిస్తే 5 లక్షలకి మామూలు పాలసీ తీసుకుని, పైన సూపర్ టాప్-అప్ వేసుకో. ఏడాదిలో బిల్లులన్నీ కలిపి 5 లక్షలు దాటాక అది అందుకుంటుంది, ప్రీమియం తక్కువ. ఉత్త టాప్-అప్ అయితే ఒక్కో బిల్లు విడివిడిగా 5 లక్షలు దాటాలి. పేరులో ఒక్క మాటే తేడా గానీ రెండుసార్లు ఆస్పత్రిలో చేరినవాడికి అది చాలా పెద్ద తేడా.

ఏజెంటు "సుగరు సంగతి రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది" అంటే అక్కడికక్కడే లేచి వచ్చెయ్యి. మా పక్కింటి బాబాయి కథ చెబుతా విను. పదేళ్ళుగా విడవకుండా కడుతున్న పాలసీ. గుండెకి స్టెంటు వేశారు. కంపెనీ "మధుమేహం దాచారు" అని క్లెయిము కొట్టేసింది. నిజానికి పాలసీ తీసుకున్నప్పుడు ఆయనకి సుగరే లేదు. మరి ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు "సుగరు ఎప్పటినుంచి?" అని అడిగితే, వెంట వెళ్ళిన మేనల్లుడు కంగారులో "చాలా కాలం అండి, పదిహేనేళ్ళు ఉంటుందేమో" అన్నాడు. కేసు షీటులో ఆ ఒక్క ముక్క పడింది. దాని మీదే లక్షల క్లెయిము ఆగింది. అందుకని ఆస్పత్రిలో చేర్చేటప్పుడు జబ్బు ఎప్పటినుంచో తెలిస్తేనే చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. డిశ్చార్జి కాగితం చేతికి రాగానే అక్కడే చదివి, తప్పుంటే డాక్టరు చేత దిద్దించి సంతకం చేయించుకోవాలి.

బాబాయి కూడా ముందు "పోన్లేరా" అన్నాడు. నేను ఊరుకోలేదు. ఐదేళ్ళు ఎడతెగకుండా నడిచిన పాలసీ మీద, మోసమని రుజువు చేస్తే తప్ప, "దాచారు" అని క్లెయిము కాదనడానికి లేదు. ఇంతకుముందు ఎనిమిదేళ్ళుండేది, ఇప్పుడు ఐదు. ఆ సంగతే తెలుగులో ఒక పేజీ రాసి, మా అమ్మాయి చేత ఇంగ్లీషు చేయించి, ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపాం. 30 రోజులు గడిచినా సరైన జవాబు లేదు. అప్పుడు హైదరాబాద్‌లో ఇన్సూరెన్సు తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్‌కి పెట్టాం. ఆంధ్ర, తెలంగాణతో పాటు మన యానాం కూడా ఆ ఆఫీసు కిందికే వస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ కాదన్న ఏడాదిలోగా వెళ్ళాలి. అక్కడ ఇచ్చిన తీర్పుకి కంపెనీ కట్టుబడాలి, మనకి నచ్చకపోతే మనం వినియోగదారుల కమిషన్‌కి పోవచ్చు. బాబాయి విచారణ వీడియోలోనే జరిగింది. ఆయన కొత్త పంచె కట్టుకుని, పాలసీ రసీదులన్నీ ఏడాది వారీగా దారం గుచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అడిగిన ప్రతి ఏడాదిదీ తీసి చూపించాడు. డబ్బు వచ్చింది. డబ్బు కంటే, "నేను దాచలేదని తేలింది కదరా" అని పదిమందికీ చెప్పుకున్నాడు చూడు, అది నాకు నచ్చింది.

క్యాష్‌లెస్ గురించి కూడా గుర్తుంచుకో, అంటే మనం ముందు కట్టకుండా కంపెనీయే ఆస్పత్రికి నేరుగా కట్టడం. చేరేటప్పుడు అనుమతి గంటలో రావాలి. డిశ్చార్జి అప్పుడు చివరి అనుమతి మూడు గంటల్లో రావాలి, ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే భరించాలి. 2024 మే నెలలో వచ్చిన నిబంధన ఇది. ముసలివాళ్ళని రాత్రిదాకా చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి "అప్రూవల్ రాలేదండి" అంటూ ఉంటే, కౌంటర్లో మర్యాదగానే ఈ నిబంధన గుర్తుచెయ్యి. కంపెనీ పలక్కపోతే ఐఆర్‌డీఏఐ నంబరు 155255కి చెయ్యి, వాళ్ళ బీమా భరోసాలో ఫిర్యాదు నమోదవుతుంది. ఇన్సూరెన్సుతో సంబంధం లేకుండా పెద్దవాళ్ళకి ఏ సాయం కావాలన్నా 14567, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు. ఈ నంబర్లు అత్తయ్యగారి ఫోన్లో వేసిపెట్టు.

నువ్వు ఈమధ్యే తీసుకున్నానన్న ఆ పాలసీ కాగితాలు అన్ని పేజీలూ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపు, నువ్వు సంతకం పెట్టిన ప్రపోజల్ ఫారం కాపీతో సహా. అందులో నీ బీపీ దగ్గర ఏజెంటు ఏం టిక్కు పెట్టాడో ముందు అది చూడాలి. కాగితాలు చేతికి వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోగా వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు, ఉన్న రోజులకీ వైద్య పరీక్షలకీ కొంత పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు. కాబట్టి ఆలస్యం చెయ్యకు. వచ్చే వారం నాకు మలికిపురంలో పనుంది, అత్తయ్యగారి దగ్గర కూర్చుని కార్డు నేనే చేయించి వస్తాను. ఆవిడ ఆధార్‌కి కలిపిన నంబరు నీదో, మీ తమ్ముడిదో ఈలోగా కనుక్కుని చెప్పు. ఓటీపీ వచ్చినప్పుడు ఆ ఫోను దగ్గర మనిషి ఉండాలి.

చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
బావ