పంచ్‌కి పంచ్‌కి మధ్య

చిన్నీ,

కరాటే పోటీలో రెండో బౌట్‌కే కాళ్లు బరువెక్కాయని, అవకాశం కనిపించినా చేయి లేవలేదని ఫోన్‌లో చెప్పావు. ఇక స్ప్రింట్లు పెంచుతానన్నావు. పొద్దున్నే నెమ్మదిగా పరిగెత్తమని మీ గురువు సెన్సే చెబితే మాత్రం "నేనేమన్నా మారథాన్‌కి వెళ్తున్నానా" అని విసుక్కున్నావట.

గ్యాకు జుకి, అదే నీ వెనక చేతి పంచ్, వేసే క్షణంలో కండరానికి ఆక్సిజన్ కోసం ఆగే తీరిక ఉండదు, నిజమే. తనలో సిద్ధంగా ఉన్న ఏటీపీ అనే శక్తి అణువుల్ని వాడేస్తుంది. అది రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. కండరంలోనే నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం దాన్ని వెంటవెంటనే నింపుతుంది కానీ, పూర్తి జోరులో అదీ పది సెకన్లకు మించి పెద్దగా ఆదుకోదు. నీ దాడి సెకనో రెండు సెకన్లో కాబట్టి ఇబ్బంది లేదు. ఇక్కడిదాకా నీ లెక్క సరైనదే.

మరి ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్‌ని మళ్లీ తయారుచేసేదెవరు? ఆక్సిజనే. నువ్వు గెంతుతూ దూరం చూసుకునేటప్పుడు, రెఫరీ 'యమే' అని ఆపినప్పుడు లోపల జరిగేది ఆ పనే. సగం తిరిగి రావడానికే దాదాపు అర నిమిషం పడుతుంది. దమ్మున్నవాళ్లకి త్వరగా వస్తుంది. కుమిటేలో, అంటే ఇద్దరు తలపడే మీ బౌట్లలో, ఖర్చయ్యే శక్తిని కొలిచిన 2004 నాటి ఒక పరిశోధనలో నాలుగింట మూడొంతులకు పైగా ఆక్సిజన్ దారిలోనే వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ వాటా 16 శాతం, ఆక్సిజన్ లేకుండా చక్కెరని విరిచే లాక్టేట్ దారిది 6 శాతమే. పాయింటు తెచ్చేది ఆ 16 శాతమే అనుకో, కానీ దాన్ని మళ్లీ మళ్లీ నింపేది నువ్వు విసుక్కున్న ఆ నెమ్మది పరుగే. స్ప్రింట్లు మానమనడం లేదు, దాన్ని కూడా చేర్చమంటున్నాను. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగం చాలు.

మర్నాటి ఒళ్లునొప్పులకి లాక్టిక్ యాసిడ్ కారణమని మీ డోజోలో ఇంకా అంటున్నారా? ఒంట్లో ఆ యాసిడ్ ఉండేది లాక్టేట్ రూపంలోనే, అది గంటా గంటన్నరలో రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. పైగా గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది కూడా. మర్నాటి నొప్పి అలవాటు లేని శ్రమకి కండరంలో పడ్డ సూక్ష్మమైన గాయాలది. బౌట్‌కీ బౌట్‌కీ మధ్య కూలబడిపోకుండా కాసేపు నడువు, లాక్టేట్ ఇంకా త్వరగా తగ్గుతుంది.

ఇక తిండి. రోజంతా బౌట్లుంటే కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం, గ్లైకోజన్, తరుగుతూ పోతుంది. మొదటి బౌట్‌కి రెండు మూడు గంటల ముందే పిండిపదార్థం ఎక్కువున్న భోజనం చెయ్యి. తర్వాత మధ్యమధ్యలో తేలిగ్గా అరిగేది కొంచెం కొంచెం తింటూ, నీళ్లు తాగుతూ ఉండు. బరువు విభాగం కోసం ముందురోజు కడుపు మాడ్చుకుంటే పోయేది కొవ్వు కాదు, ఆ గ్లైకోజనూ నీళ్లూనే. పై విభాగంలో ఆడినా సరే, ఆ పని మాత్రం చేయొద్దు. ఈ విషయంలో నాతో వాదించకు.

అమ్మ