ఇంట్లో మాటలు పిల్లలకు అందుతున్నాయా?

మన బధిరుల బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులకు, ఇంట్లో వాళ్లని కనిపెట్టుకుని ఉండే తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం.

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను పక్కకు పిలిచి అడిగినవాళ్లంతా దాదాపు ఒకటే అడిగారు: "మేడమ్, మావాడు ఎప్పటికి మాట్లాడతాడు?" చెవి లోపల కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టే ఆపరేషన్ అయిన పిల్లల అమ్మానాన్నలూ, వినికిడి మిషన్ పెట్టించినవాళ్లూ, ఇంకా ఏదీ పెట్టించని వాళ్లూ అందరిదీ ఇదే టెన్షన్. తేదీ చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని. వినికిడి ఎంత తగ్గింది, ఆ సంగతి ఎన్నో నెలలో తెలిసింది, మిషన్ రోజుకు ఎన్ని గంటలు చెవిన ఉంటోంది, ఇంకేమైనా ఇబ్బందులున్నాయా, వీటన్నిటి మీదా అది ఆధారపడుతుంది. ఈసారి నేనే మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఇంట్లో రోజంతా నడిచే మాటల్లో మీ పాపకు, మీ బాబుకు అందుతున్నది ఎంత?

వినే పిల్లలు భాషలో చాలా భాగం ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే నేర్చుకుంటారు. బొమ్మలతో ఆడుకుంటూనే పెద్దవాళ్ల మాటల వైపు ఓ చెవి వేసి ఉంచుతారు. అత్త ఎందుకు అలిగిందో, ఎవరికి ఒంట్లో బాగోలేదో, రేపు ఎక్కడికి వెళ్తున్నారో అలాగే తెలిసిపోతుంది. మన పిల్లలకు ఈ దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. మిషన్ పెట్టుకున్నా పూర్తిగా తెరుచుకోదు. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉన్న మామూలు మాట, నాలుగు మీటర్ల దూరానికి 48కి పడిపోతుంది. గది లోపల అంతగా తగ్గకపోయినా, గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం మాటను అలికేస్తుంది. పైన ఫ్యాను, పక్కన టీవీ. మిషన్ మాటతో పాటు ఆ చప్పుడునూ పెంచుతుంది. అందుకే వంటింట్లోంచి పిలవకండి. దగ్గరికి వెళ్లి, మొహం కనిపించేలా కూర్చుని మాట్లాడండి. టీవీ ఎవరూ చూడనప్పుడు కట్టేయండి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. భోజనాల దగ్గర ఎవరో ఏదో అంటారు, అందరూ నవ్వుతారు. పాప మొహాలన్నీ చూసి "ఏంటి?" అని సైగ చేస్తుంది. మనం "ఏం లేదులే, తర్వాత చెప్తా" అంటాం. ఆ తర్వాత అనేది రాదు. అందులో ఎవరి చెడ్డతనమూ లేదు. నవ్వులో ఉన్నప్పుడు ఆగి మళ్లీ చెప్పడం ఎవరికైనా బద్ధకమే. కానీ రోజూ ఇదే జరిగితే కొన్నాళ్లకు పాప అడగడం మానేస్తుంది. క్లాసులో అల్లరి చేసే పిల్లల గురించి టీచర్లు చెప్తే నేను పెద్దగా కంగారు పడను. ఏదీ అడగకుండా, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వేసి ఊరుకునే పిల్ల గురించి చెప్తే మాత్రం ఆ రోజే ఇంటికి ఫోన్ చేయిస్తాను.

చేయాల్సింది చిన్న పనే. "తాతయ్య కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికారు, అందుకే నవ్వుతున్నాం." అంతే. మాటతో చెప్పండి, సైగతో చెప్పండి, బొమ్మ గీసి చూపించండి. కోపం వస్తే ఎందుకు వచ్చిందో, మనసు మార్చుకుంటే ఎందుకు మార్చుకున్నారో కూడా చెప్పండి. భాష ఆలస్యంగా అందిన పిల్లలు ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించడంలో వెనకబడతారని పరిశోధనల్లో తేలింది. అదే, తల్లిదండ్రులూ బధిరులే అయి, పుట్టినప్పటి నుంచీ ఇంట్లో సంజ్ఞా భాషలో మాటలు నడిచిన పిల్లల్లో ఆ వెనకబాటు కనిపించలేదు. ఇద్దరికీ చెవి ఒకటే. తేడా వచ్చింది ఇంట్లో మాటల దగ్గరే.

ఇక్కడే మీలో చాలామందికి ఒక భయం ఉంది: సైగలు నేర్పితే నోరు తెరవడం మానేస్తాడేమో అని. ఈ భయం ఇవాళ్టిది కాదు. 1880లో మిలాన్ నగరంలో బధిర విద్య మీద జరిగిన అంతర్జాతీయ సమావేశం, బడుల్లో సంజ్ఞా భాష వద్దని, నోటి మాటతోనే చదువు చెప్పాలని తీర్మానించింది. ఓటు వేసినవాళ్లు దాదాపు అందరూ వినేవాళ్లే. ఆ తర్వాత తరాల తరబడి చాలా దేశాల్లో పిల్లలు చేతులు కదిపితే దెబ్బలు తిన్నారు. 2010లో వాంకోవర్‌లో అవే సమావేశాలు మళ్లీ జరిగినప్పుడు, ఆనాటి తీర్మానాలను తోసిపుచ్చి విచారం ప్రకటించారు. మధ్యలో 130 ఏళ్లు గడిచిపోయాయి.

సంజ్ఞా భాష అంటే మూగసైగలు కాదు. దానికి సొంత వ్యాకరణం ఉందని, నోటి భాషల్లాగే అదీ పూర్తి భాషేనని 1960లో విలియం స్టోకీ అమెరికన్ సంజ్ఞా భాష మీద రాసిన దగ్గర్నుంచి భాషా శాస్త్రజ్ఞులు చూపిస్తూనే ఉన్నారు. ఇంట్లో సంజ్ఞా భాష చూస్తూ పెరిగే పసిపిల్లలు, మిగతా పిల్లలు "బాబాబా" అన్నట్టే, చేతులతో ముద్దు పలుకులు పలుకుతారు. మాట్లాడే శక్తి ఉన్న పిల్ల నోటిని సైగ మూయదు. నాకున్న భయం వేరు. మాట వస్తుందిలే అని రెండేళ్లు, మూడేళ్లు ఎదురుచూస్తూ, ఆ లోపల పిల్ల దగ్గర ఏ భాషా లేకుండా పోవడం. ఆ తొలి ఏళ్లలో పోయినదాన్ని తర్వాత పూడ్చడం చాలా కష్టం.

ఇంప్లాంట్ అయినవాళ్లు "మాకెందుకు మేడమ్ సైగలు" అంటారు. మిషన్‌తో బాగా వింటూ, మాటలు నెలనెలా పెరుగుతున్న పిల్లల ఇంట్లో నోటి మాటే ప్రధానంగా పెట్టుకుంటే నేను కాదనను. కానీ స్నానానికి, నిద్రకు ప్రాసెసర్, అంటే ఇంప్లాంట్‌కు శబ్దం పంపే బయటి మిషన్, తీసేస్తారు. బ్యాటరీ అయిపోతుంది, ఒక్కోసారి రిపేరుకు వెళ్తుంది. అప్పుడు పిల్లకు దాదాపు ఏమీ వినపడదు. అర్ధరాత్రి జ్వరంతో లేచిన పిల్లకు "అమ్మ ఇక్కడే ఉంది, మందు వేస్తాను" అని ఎలా చెప్తారు?

పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు కదా అనుకునేవాళ్లు ఒకసారి అద్దం ముందు నిలబడి, గొంతు రానివ్వకుండా "పాట, బాట, మాట" అనండి. మూడూ ఒకేలా కనిపిస్తాయి. క, గ లాంటివి పెదవుల మీద అసలు కనిపించనే కనిపించవు. సందర్భం తెలిస్తేనే పెదవులు సాయపడతాయి.

మిషన్ల సంగతి కొంచెం. రోజూ పొద్దున పెట్టగానే, మీ పెదవులు కనపడకుండా, ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఆరు శబ్దాలు వరస మార్చి మార్చి పలకండి. వినపడినప్పుడు పిల్లలు చెయ్యెత్తాలి, లేదా తిరిగి అనాలి. ఒక్కో శబ్దానికీ మధ్య విరామం ఒకేలా ఉండకూడదు, లేకపోతే లెక్కపెట్టుకుని చెయ్యెత్తేస్తారు, మన పిల్లలు అంత గడుసువాళ్లు. మాటలో ఉండే మంద్ర స్వరాల నుంచి తార స్వరాల దాకా ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. నిన్నటిదాకా విన్న శబ్దం ఇవాళ వినకపోతే బ్యాటరీ, మోల్డ్ (చెవిలో అమరే అచ్చు), దాన్ని మిషన్‌కు కలిపే ట్యూబ్ చూడండి. అన్నీ బాగుంటే పిల్లకు జలుబు చేసిందేమో చూడండి. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరి, ఉన్న కొద్ది వినికిడీ ఇంకా తగ్గుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. అయినా మన పిల్లలకు ఉన్న వినికిడే తక్కువ కాబట్టి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించడం మేలు. చెవిలోంచి చీము కారితే ఆ రోజే వెళ్లండి.

మిషన్ కూత పెడుతోందంటే చాలాసార్లు మోల్డ్ చిన్నదైపోయిందని అర్థం. చెవి పెరుగుతుంది, మోల్డ్ పెరగదు కదా. సౌండ్ తగ్గించి సరిపెట్టొద్దు. బ్యాటరీల గురించి ఒక్క మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి: బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోయే ప్రమాదం ఉంది. అయిపోయిన బ్యాటరీ అయినా అంతే. మింగిందన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిషన్‌కు బ్యాటరీ లాక్ ఉంటే వాడండి.

బడి నుంచి రాగానే పిల్లలు చిరాకు పడుతున్నారని కొందరు రాశారు. రోజంతా సగం సగం వినపడిన మాటల్ని అతికించుకుని అర్థం చేసుకోవడం పెద్దవాళ్లకైనా తల తిరిగే పని. రాగానే హోంవర్క్ ముందు పెట్టకండి. కాసేపు వాళ్లని వాళ్లకి వదిలేయండి.

శనివారం సంజ్ఞా భాష క్లాసు ఈ నెల కూడా ఉంది. నేర్పేవాళ్లు బధిరులే. పెద్దయ్యాక తను ఎలా ఉంటుందో పిల్లకు వాళ్లని చూస్తే తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. క్లాసుకు ఎక్కువగా అమ్మలే వస్తున్నారు. అలా అయితే ఇంట్లో అమ్మ ఒక్కతే దుబాసీగా మిగిలిపోతుంది, నాన్నతో మాట్లాడాలన్నా పిల్ల అమ్మనే వెతుక్కుంటుంది. అందుకని ఈసారి ప్రతి ఇంటి నుంచీ అమ్మతో పాటు ఇంకొకరు రావాలి. నాన్న, తాతయ్య, అన్నయ్య, ఎవరైనా సరే. తప్పులు చేస్తారు, అక్కడ అందరూ చేస్తారు. వినపడని పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా వినే తల్లిదండ్రులకే పుడతారు కాబట్టి ఆ గదిలో మీకు తోడు చాలామందే ఉంటారు.

ఇయర్‌మోల్డ్ కొలతలు తీయడానికి ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించే నిపుణులు) వచ్చే తేదీ డైరీలో రాసి పంపుతాం. ఆ రోజు పాత మోల్డ్ కూడా తీసుకురండి. జలుబు, చెవిపోటు, చీము ఉంటే ముందే చెప్పండి, కొలత ఇంకో రోజుకు మారుద్దాం. గులిమి ఉంటే డాక్టరు చేతే తీయించండి, పుల్లలు, పిన్నులు పెట్టొద్దు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు