ముందు సీసం తగ్గించండి

సంపాదకుల గారికి,

జలాశయాల్లో స్కూబా శిక్షణ మాట వచ్చినప్పుడల్లా చర్చ పడవలు, టికెట్ల దగ్గరే ఆగిపోతోంది. అసలు సంగతులు నీటి కింద ఉన్నాయి. సముద్రంలో నేర్చుకున్నవారు చెరువులోనూ మునగడానికి కట్టే అదే సీసపు బరువుల బెల్టుతో దిగడం మొదటి తప్పు. ఉప్పునీటి కంటే మంచినీరు దాదాపు 2.5 శాతం తేలిక. మనిషి, సిలిండరు, సూటు కలిపి 100 కిలోలుంటే బెల్టులోంచి సుమారు 2.5 కిలోల సీసం తీసేయాలి. తీయకపోతే అడుగుకు జారతారు, కాళ్లు కొట్టుకుంటారు, ఒండ్రు లేస్తుంది. ఆపై తన చెయ్యి తనకే కనపడదు. బరువు సరిచూసుకోవడం సులువే. తేలడానికి గాలి నింపుకునే జాకెట్టులో గాలంతా వదిలి, మామూలుగా ఊపిరి బిగబట్టి కదలకుండా ఉంటే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మునగాలి. నిండు సిలిండరుతో చూసుకుంటే మరో 2 కిలోలు కలపాలి, ఎందుకంటే గాలికీ బరువుంది, అది వాడేకొద్దీ మనిషి తేలిపోతాడు.

ఎత్తు గురించి ఎవరూ మాట్లాడరు. సముద్రమట్టానికి 300 మీటర్లు దాటితే డైవింగ్ లెక్కలు మారతాయి. నాగార్జునసాగర్ పూర్తిస్థాయి మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లే, చిక్కు లేదు. గండిపేట 500 మీటర్లకు పైమాటే. అలాంటి ఎత్తులో, ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే మామూలు పట్టికలు పనికిరావు.

అన్నిటికన్నా భయపడాల్సింది తూములకు. గేటు కాస్త తెరిచినా నీటి ఒత్తిడి మనిషిని అక్కడే అదిమిపట్టేస్తుంది. ఎంత ఈతగాడైనా విడిపించుకోలేడు. శిక్షణ రోజు గేట్లు కదపబోమని నీటిపారుదల శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. నైలాన్ వలలు కంటికి ఆనవు, చిక్కుకుంటే కోసుకోవాలి కనుక ఏ చేతికైనా అందేచోట కత్తి ఉండాలి, జేబు అడుగున కాదు.

— ఒక డైవింగ్ శిక్షకుడు, హైదరాబాద్